యాకూబ్ చాచా కాల్చిన తీగ

మా మనవరాలి పళ్ళకు వెయ్యబోయే తీగను పళ్ళ డాక్టరమ్మ మొదట నా చేతికిచ్చింది. సైదాబాద్‌లో మా అమ్మాయి వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఉంది ఆ క్లినిక్. తీగ వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. వేలికి చుట్టి వదలమంది. వదలగానే ఏమీ జరగనట్టు మళ్ళీ తన వంపులోకి వచ్చేసింది. చల్లటి నీళ్ళు తగిలితే మెత్తబడుతుందట, నోటి వెచ్చదనానికి మెల్లగా బిగిసి పళ్ళను కొద్దికొద్దిగా లాగుతుందట. మొదటి నెలల్లో ఇలాంటి సన్నటిది, పళ్ళు దారిలోకి వచ్చాక కొంచెం లావుది, అన్నిటికంటే చివర గట్టి ఉక్కుతీగ. మొదటే గట్టిది వేస్తే ఏమవుతుందని అడిగాను. పన్ను తొందరగా కదలడం మాట అటుంచి మొండికేస్తుందనీ, దాని చుట్టూ రక్తం ఆడక అక్కడే ఆగిపోతుందనీ, నొప్పి మాత్రం రెట్టింపు అవుతుందనీ చెప్పింది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు అరవై దాటాల్సి వచ్చింది.

మనవరాలు కుర్చీలో పడుకుని, తీగను పట్టి ఉంచే రబ్బరు రింగులు నీలంవి కావాలా గులాబీవి కావాలా అని చాలాసేపు ఆలోచించింది. డాక్టరమ్మ విసుక్కోలేదు. అంతా అయ్యాక నొప్పి ఒకటి నుంచి పది దాకా ఎంతుందో చెప్పమని అడిగింది. ఆ పిల్ల రెండంది, కాదు మూడంది, అమ్మమ్మ ఐస్‌క్రీమ్ కొనిపెడితే ఒకటే అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల నాకా పిల్ల మీద కోపం వచ్చింది. మనవరాలిని చూసి అసూయపడే ముసలిది ఎక్కడైనా ఉంటుందా అంటే ఇక్కడ ఉంది. చెంప మీద ఒక్కటిచ్చి, నొప్పంటే ఏమిటో నీకు తెలుసా అని అడగాలనిపించింది. ఇలాంటివి అమ్మమ్మలు రాయకూడదంటారు. రాయనంత మాత్రాన అవి లేకుండా పోవు.

ఎలాగూ వచ్చాం కదా అని నా పై పన్ను ఒకటి కదులుతోందని చెప్పాను. ఎక్స్‌రే తీసింది. తెర మీద నా ముందు పళ్ళు నాలుగూ పైకి చక్కగా వరస కట్టి ఉన్నాయి. వాటి వేళ్ళు చూస్తే ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేవు, అరగదీసిన పెన్సిళ్ళలాగా మొండిగా ఉన్నాయి. చిన్నప్పుడు క్లిప్పులు వేయించుకున్నారా అని అడిగింది. అవునన్నాను. ఎవరు వేశారో గానీ బాగా బలం పెట్టినట్టున్నారండీ అంది. మా నాన్న అన్నాను. ఆ అమ్మాయి మళ్ళీ తెర వైపు తిరిగింది. ఒక పన్ను ఎలాగూ నిలవదనీ, మిగతా మూడు ఎంతకాలం ఉంటే అంతకాలమనీ చెప్పింది.

ఈ క్లిప్పుల కథ నేను ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎప్పుడూ నవ్వించడానికే చెప్పాను. పళ్ళ డాక్టరు కూతురికి వంకర పళ్ళు, మెకానిక్ చాచా చేసిన తమాషా, నాన్న వేసిన చిందులు, అంతా బాగా రక్తి కట్టేది. చెప్పిన ప్రతిసారీ అందులోంచి ఒక్క మాట తీసేసి చెప్పాను. ఆ మాట నా నోటినుంచి వచ్చినది. ఆ ఒక్క మాటతో ఒక మనిషి బతుకు చెడింది. ఈసారి దాన్ని తీసెయ్యకుండా రాస్తున్నాను.

మాది శాలిబండలో రోడ్డు మీదకి తెరుచుకునే ఇల్లు. రోడ్డు వైపు వరండా, ముందుగది నాన్న క్లినిక్, దానికి వరండా వైపొకటి ఇంటి వైపొకటి పచ్చ పరదాలు, వెనక మేము. నాన్న కోస్తా నుంచి వచ్చి ఆ బస్తీలో స్థిరపడ్డ పళ్ళ డాక్టరు. లవంగనూనె, స్పిరిట్, కరిగిన మైనం, తడి ప్లాస్టర్, ఈ నాలుగూ కలిసిన వాసన పరదా దాటి వచ్చి అమ్మ పోపు వాసనలో కలిసేది. మా ఇంట్లో పప్పుచారు కూడా కొంచెం పళ్ళ ఆస్పత్రి రుచే ఉండేదని చుట్టాలు ఎగతాళి చేసేవారు. పొద్దున్న నాన్న గడ్డం గీసుకోవడం అయ్యేసరికి నేను ఆయన ముందుకెళ్ళి నోరు తెరవాలి. వేప పుల్లతో తోమానా పౌడరుతో తోమానా అన్నది వాసనతోనే పట్టేసేవాడు. పదిగంటలకి వరండాలో బల్లలు నిండిపోయేవి. లోపలినుంచి కేకలు మొదలయ్యేవి. అమ్మ రేడియో పెంచేది. నేను లెక్కలు చేసుకుంటూ, ఆ కేకను బట్టి పీకుతున్నది ముందు పన్నా దవడ పన్నా అని నాలో నేనే పందెం కాసుకునేదాన్ని. చాలాసార్లు నా అంచనా సరిగ్గా ఉండేది. ఇంకొకరి నొప్పి మాకు గోడగడియారం చప్పుడంత మామూలు.

నాకేమో పన్ను మీద పన్ను. మా అమ్మమ్మ అది అదృష్టమనేది, నాన్న అది నేరమనేవాడు. అయినా నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా దాని జోలికి రాలేదు. ఒకరోజు వరండాలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, నేను నీళ్ళ గ్లాసిచ్చి నవ్వితే నా పళ్ళు చూశాడు, గోడ మీద 'వంకర పళ్ళు సరిచేయబడును' అన్న బోర్డు చూశాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని పక్కాయనతో అన్నాడు. పరదా వెనక నాన్న విన్నాడు. ఆ ఆదివారమే నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారం తోటి డాక్టరొకాయన ఇంటికి వస్తే, ఆర్నెల్లలో ఈ పళ్ళు గీత గీసినట్టు నిలబెడతానని ఆయనతో పందెం వేశాడు. అది డబ్బు పందెం కాదు, మీసం పందెం. ఓడితే బోర్డు దించేస్తానన్నాడు.

అప్పట్లో ఇప్పటిలాగా పంటి మీద అంటించే చిన్న ముక్కలు కావు. ఒక్కో పంటికి ఉంగరంలా ఉక్కు పట్టీ దిగ్గొట్టి, వాటన్నిటి మీదుగా తీగ లాగి, సన్న కట్టుతీగతో ఒక్కో పంటికీ మెలేసి బిగించేవారు. సన్నటి తీగలు నాన్న దగ్గర లేక కాదు. గాజు గొట్టాల్లో సన్నవి, లావువి అన్నీ వరసగా ఉండేవి. బయటి పేషెంట్లకు సన్నదానితోనే మొదలుపెట్టేవాడు. నాకు మాత్రం రెండు మెట్లు దాటించి లావు తీగ వేశాడు, పందెం ఉంది కాబట్టి. బిగించిన రోజు ఏమీ తెలియదు. మర్నాడు పొద్దున్న పళ్ళు నావి కానట్టుండేవి. ఇడ్లీ తగిలినా ప్రాణం పోయేది. నాలుగో రోజుకి కాస్త తేరుకునేసరికి తీగ కొస చెంప లోపల గుచ్చుకుని పుండయ్యేది. ఏడిస్తే నాన్న నవ్వేవాడు. నొప్పి ఉందంటే పని జరుగుతున్నట్టు అనేవాడు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఆయనకు మందుచీటీ లాంటిది, ప్రతి పిల్లకీ అదే రాసిచ్చేవాడు. పేషెంట్లు వచ్చినప్పుడు నన్ను పిలిచి నోరు తెరిపించి, పుల్లతో ఒక్కో పన్నూ తట్టి చూపించేవాడు. పుల్ల తగిలినప్పుడల్లా నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. డాక్టరుగారి అమ్మాయికి ఎంత ఓపికో అని వాళ్ళు మెచ్చుకునేవారు. పంటి బిగువున ఓర్చుకోవడమంటారే, నాకు ఆ బిగువు పెట్టడానికి కూడా పళ్ళు పనికొచ్చేవి కావు.

ఆ తీగలు వంచేది నాన్న కాదు, యాకూబ్ చాచా. మా క్లినిక్‌లో కట్టుడు పళ్ళు చేసే మెకానిక్. వాళ్ళ తాతల కాలం నుంచి జరీ కోసం వెండితీగ లాగే పని. ఇనపపలకలోని బెజ్జాల గుండా తీగను లాగి లాగి దారమంత సన్నం చేసేవారట. ఆ పని పడిపోయాక చాచా మా దగ్గర చేరాడు. నాన్న కాగితం మీద వంపు గీసి ఇస్తే, చిన్న పట్టకారుతో నిమిషంలో అచ్చు అలాగే వంచేవాడు. నాన్న పొగిడిన మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను, అది యాకూబ్ చాచాను. యాకూబ్ చేతులు లేకపోతే నా డిగ్రీ గోడకి మేకు దండగ అనేవాడు. చాచా తక్కువ మాట్లాడేవాడు. లోపల పిల్లలెవరైనా గట్టిగా ఏడిస్తే పట్టకారు కింద పెట్టి, పెరట్లోకి పోయి, ఏడుపు ఆగాక వచ్చేవాడు. ఆ ఒక్క విషయంలో నాన్న ఆయన్ని వెక్కిరించేవాడు.

రెండో నెల తీగ మార్చే ముందు రోజు నేను చాచా పనిచేసే చోటికి వెళ్ళాను. చెంప లాగి లోపలి పుండు చూపించాను. అది చూసి మొహం తిప్పుకున్నాడు. రేపటి తీగ కొంచెం మెత్తగా చెయ్యమని అడిగాను. డాక్టర్ సాబ్‌ను అడగమన్నాడు. అడిగితే ఏమంటాడో మీకు తెలియదా అన్నాను. కాసేపు ఆ తీగను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన నేర్చిన జరీ పనిలో గట్టిపడ్డ తీగ పాడైపోయిన తీగ. లాగుతూ లాగుతూ ఉంటే వెండి బిగుసుకుపోతుంది, అప్పుడు మంట చూపించి మళ్ళీ మెత్తబరుస్తారు. తరతరాలుగా వాళ్ళకు తెలిసిన మంచి పని అదే.

"పంటికి కట్టే సన్న తీగ మెత్తగనే ఉంటది గద బిడ్డా. గిది గూడ జర మెత్తగుంటే ఏమైతది, పని గదే జేస్తది," అన్నాడు, నాతో కంటే తనతోనే.

స్పిరిట్ దీపం వెలిగించి తీగను పట్టకారుతో మంట మీద అటూ ఇటూ నడిపాడు. ఎర్రబడి, చల్లారి, నల్లబడింది. ప్యూమిస్ అనే గరుకు రాతిపొడితో రుద్దితే మళ్ళీ మెరిసింది. చూడటానికి ఏ తేడా లేదు. మర్నాడు నాన్న దాన్నే బిగించాడు. మూడోరోజు నేను జామకాయ కొరికాను. ఆ జామకాయ రుచి ఇప్పటికీ గుర్తుంది. దొంగసుఖం అంత తియ్యగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఉక్కుకు మంట చూపిస్తే దాని పౌరుషం చచ్చిపోతుందని, ఆ పౌరుషమే పన్నును లాగేదని నాకు తెలియదు, ఆయనకీ తెలియదు. తీగ పళ్ళను తన దారికి తేవాల్సింది పోయి తనే పళ్ళ వంకరలోకి ఒదిగిపోయింది. నెల గడిచింది, మరో తీగ, మరో మంట. ఇంకో నెల గడిచింది. నా పళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాన్న ప్లాస్టర్ అచ్చులు పక్కపక్కన పెట్టుకుని కొలిచేవాడు. భోజనాల దగ్గర కూడా అదే ధ్యాస. మొదట తీగ కంపెనీని తిట్టాడు, తర్వాత నా ఎముకను తిట్టాడు, అది అమ్మ తరఫు ఎముక అని అమ్మని తిట్టాడు. అమ్మ పప్పు వడ్డిస్తూనే ఉంది. నాకైతే భయం కంటే సంతోషమే ఎక్కువ ఉండేది. నాన్నకు తెలియని సంగతి ఒకటి నా నోట్లోనే, ఆయన వేళ్ళ కిందనే ఉంది.

చాచాకి మాత్రం మూడో నెలకే అనుమానం వచ్చింది. పళ్ళు కదలకపోవడం మంటవల్లేనేమో, సాబ్‌కు చెప్పేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక్క నెల అన్నాను. ఆ నెల అయ్యాక ఇంకొక్కటి అన్నాను. చెబితే నాన్న నన్ను బెల్టు తీసుకుని కొడతాడని ఏడ్చాను. నాన్న నన్ను బెల్టుతో ఎప్పుడూ కొట్టలేదు. చాచాకి ఏడుపు పడదని నాకు తెలుసు, అందుకే ఏడ్చాను. పన్నెండేళ్ళ పిల్లకి అంత తెలివి ఉంటుందా అంటే, ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి ఉంటుంది.

ఆర్నెల్లు నిండిన ఆదివారం పందెం వేసిన డాక్టరుగారు వచ్చారు. నా నోరు తెరిపించి, బొటనవేలి గోటితో తీగను కొద్దిగా నొక్కారు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఇంకోచోట నొక్కారు. అక్కడా అంతే. ఇది తీగ కాదోయ్, దారం, కూతురికి మాల కట్టావా అని నవ్వారు. కాఫీ తాగి, బోర్డు ఎప్పుడు దించుతావని అడిగి మరీ వెళ్ళారు. నాన్న తనూ ఆ తీగను గోటితో నొక్కి చూశాడు. తర్వాత చాచా గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. చాచా బయటికి వచ్చి వరండాలో, పరదాకి అవతల, స్టూలు మీద కూర్చున్నాడు. పరదా కిందనుంచి ఆయన పాదాలు కనిపిస్తున్నాయి.

నాన్న నన్ను పిలిచాడు. కోపంగా లేడు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం నేను ఎరగను.

"నిజం చెప్పు వసంతా. నువ్వే అడిగావా, లేక వాడంతట వాడే కాల్చాడా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చెంప మీదకి పోయింది. పరదా కింద చాచా పాదాలు కదలలేదు. ఆ పాదాలు అక్కడున్నాయని నాకు తెలుసు. వింటున్నాయని తెలుసు. తెలియక అన్నానని చెప్పుకోవడానికి లేదు.

"నేనేం అడగలేదు నాన్నా. చాచాయే చేశాడు. చెప్పొద్దని నాతో ఒట్టు కూడా వేయించుకున్నాడు."

మొదటి రెండు మాటలతో ఆపొచ్చు. ఒట్టు సంగతి ఎందుకు కలిపానో ఇన్నేళ్ళూ ఆలోచించాను. అబద్ధం బలంగా ఉండాలని కలిపాను, అంతే. దానికి ఇంకే లోతూ లేదు. పరదా కింద పాదాలు లేచాయి. చాచా లోపలికి రాలేదు. తన పట్టకారు కూడా తీసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఉన్న తెలిసిన డాక్టర్లందరికీ నాన్న ఆ వారంలోనే కబురు చేశాడు, యాకూబ్ పేషెంటు నోట్లోకి వెళ్ళే తీగను పాడుచేసే మనిషని. పళ్ళ మెకానిక్‌కి అంతకు మించిన పేరు అక్కర్లేదు.

ఆ సాయంత్రమే నాన్న తన చేత్తో తీగ వంచాడు. గాజు గొట్టాల్లో ఉన్నవాటన్నిటిలోకి లావుది, నలుచదరపుది. వేసవి సెలవులు అయ్యేలోగా పూర్తి చేస్తానన్నాడు. ఆ రెండు నెలలు ఎలా గడిచాయో వివరంగా రాస్తే చదివేవాళ్ళని ఏడిపించడానికి రాసినట్టుంటుంది. గంజి తాగాను. గంజి కూడా వేడిగా ఉంటే తాగలేకపోయేదాన్ని. అమ్మ ఒకసారి పరదా దగ్గర నిలబడి, దానికి కాస్త వదులు చెయ్యండి అంది. నువ్వు పోపు చూసుకో అన్నాడు నాన్న. ఆ నొప్పి నాకు పడాల్సిన శిక్షే అనుకున్నానని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. నేనేమీ అలా అనుకోలేదు. చాచా ఇంకాస్త తెలివిగా చేసి ఉంటే దొరికేవాళ్ళం కాదు కదా అని ఆయన్ని తిట్టుకున్నాను.

పళ్ళు చివరికి వరసలోకి వచ్చాయి. నాన్న ఫొటో తీయించి, పాత ఫొటో పక్కన కొత్తది పెట్టి ఫ్రేము కట్టించి, పందెం ఓడినా దించని ఆ బోర్డు కింద వేలాడదీశాడు. ఆ నవ్వుతో నేను కాలేజీలో చేరాను, ఉద్యోగంలో చేరాను, పెళ్ళి చేసుకున్నాను. అందరూ నా పళ్ళను మెచ్చుకునేవారు. మెచ్చుకున్నప్పుడల్లా కథ చెప్పేదాన్ని. కథలో చాచా తనకు తానే తీగ కాల్చేవాడు, వినేవాళ్ళు నవ్వేవారు. నాన్న పోయినప్పుడు కూడా పదమూడో రోజు భోజనాల్లో ఎవరో అడిగితే చెప్పాను. ఇప్పుడా పళ్ళు వేళ్ళు లేకుండా నిలబడి ఉన్నాయని సైదాబాద్ డాక్టరమ్మ చెప్పాక, మర్నాడే శాలిబండకి ఆటో ఎక్కాను. భయపడ్డాననుకోండి, నాలుగూ ఊడిపోయాక ఆ మాట చెప్పే నోరు కూడా ఉండదేమోనని.

మా ఇల్లున్న చోట మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. పక్క సందులో ఒక ముసలాయనకి యాకూబ్ పేరు గుర్తుంది. చాచా పోయి చాలా ఏళ్ళయిందనీ, ఆయన కూతురు షహనాజ్ పురానాపూల్ దగ్గర బట్టలు కుడుతుందనీ చెప్పాడు. అడిగి అడిగి పట్టుకున్నాను. షహనాజ్ నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. నా పేరు చెప్పగానే మిషను ఆపి, లేచి, నీళ్ళిచ్చి, కుర్చీ వేసింది. వాళ్ళ నాన్న మళ్ళీ ఏ క్లినిక్‌లోనూ పనిచేయలేదని, పిట్టల పంజరాలు అల్లి బజారులో అమ్మాడని, చివరిదాకా అదే పనని, అడగకుండానే చెప్పింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఆ రోజు నేను అన్న మాట ఆవిడకి చెప్పాను. తీగ మెత్తగా చెయ్యమని అడిగింది నేనేననీ, ఏడ్చి నెలల తరబడి ఆపింది నేనేననీ, ఒట్టు సంగతి కల్పించింది కూడా నేనేననీ, ఏదీ మిగల్చకుండా చెప్పాను. నాకు తెలియని సంగతి ఆవిడ దగ్గర ఒకటి ఉంటుందని నేను అనుకోలేదు.

"గది నాకు చిన్నప్పటి నుంచి ఎర్కే," అంది షహనాజ్. "డాక్టర్ సాబ్ అడిగినప్పుడు, నేనే జేసిన, బిడ్డ అడగలే అని మా అబ్బానే ముందుగాల అబద్ధం చెప్పిండు, మిమ్మల్ని కొడ్తడని. సాబ్ నమ్మలే. నువ్వు గట్ల చేసేటోనివి కాదు, బిడ్డనడుగుత, బిడ్డ అడిగిందంటే నీ తప్పు లేదు, నీ పని నీకుంటది అన్నడంట. అబ్బా బయట కూసొని మస్తు ఖుషీ అయిండంట. అమ్మాయి ఝూట్ మాట్లాడదు, ఇగ ఫికర్ లేదు అనుకున్నడంట."

నాన్న ఆ రోజు ఎందుకంత నెమ్మదిగా అడిగాడో అప్పటికి అర్థమైంది. నేను అవును, నేనే అడిగాను అని ఉంటే చాలు. నాకు నాలుగు చీవాట్లు పడేవి, చాచా సోమవారం పొద్దున్న వచ్చి తన పట్టకారు పట్టుకునేవాడు. ఆయన నా కోసం అబద్ధం చెప్పి బయట కూర్చుంటే, లోపల నేను అదే అబద్ధం చెప్పి ఆయన్ని పంపించేశాను. రెండు మాటలూ కలిశాయి కాబట్టే నాన్న నమ్మాడు. నాకు ఏడుపు వచ్చింది. ఈసారి దొంగ ఏడుపు కాదు, ఆపుకోవాలన్నా ఆగలేదు. నన్ను క్షమించమని షహనాజ్‌ను అడిగాను. మీ నాన్న లేరు కాబట్టి నువ్వైనా ఆ ఒక్క మాట అనమని, చేతులు పట్టుకోబోయాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"అబ్బా ఉంటే మాఫీ చేసెటోడు. మీరు గీ నీళ్ళు తాగకముందే చేసెటోడు. ఎవ్వలన్నా ఏడుస్తుంటే చూసుడు ఆయనకు చేతకాకపోయేది," అంది. "నాకు చేతనైతది."

అని, మిషను మీద మోచెయ్యి ఆనించి, నా ఏడుపు అయ్యేదాకా చూస్తూ కూర్చుంది.